ఆసియా యువజన ఫుట్‌బాల్ పోటీలు – మన డెల్టా బిడ్డలు

దాళ్వా కోతలు ముగిసి, ధవళేశ్వరము ఆనకట్ట నుండి కాలువలకు నీరు కట్టివేసిన పిమ్మట, సార్వాకు ఆకుమడులు దున్నువరకు, మన గోదావరి డెల్టాలోని పొలములన్నియు పిల్లల ఆటస్థలములే. గట్టులు తప్ప హద్దులు లేవు. రెండు తాటిమట్టలు పాతిన అదియే గోలు. పండ్రెండేండ్ల పసివాడు మొదలు కళాశాలలో చదువు యువకుని వరకు అందరు నొక్క బంతి వెంటనే పరుగెత్తుదురు. నీ వయస్సెంత యని యొకరి నొకరు అడుగుట లేదు. ప్రొద్దు గ్రుంకువరకు ఆడి, దుమ్ము కొట్టుకొని యింటికి పోయి, తల్లిచేత చీవాట్లు తినుటతో నాటి పోటీ ముగియును.

సరిగా ఆ వయస్సు బాలురే, ఆ వేసవి దినములలోనే, ఆసియా ఖండమున వేరొక చోట తమ తమ దేశముల చొక్కాలు తొడుగుకొని, జాతీయగీతము వినుచు వరుసగా నిలుచుండిన సందర్భములు కలవు. అట్టి వరుసలో మన దేశపు బాలురు నిలిచి, కప్పు చేతబట్టిన సందర్భము కూడ ఒకటి కలదు. ఆ జట్టుకు నాయకుడు తెలుగుదేశపు బిడ్డయే. అయినను ఆ ముచ్చట మన యిండ్లలో వినబడుట అరుదు. పొలములోని ఆటకును, ఆ వరుసకును నడుమ దూరమెంత? అది నడువదగిన దూరమేనా? ఈ ప్రసంగములో ఆ విషయమునే శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఈ పోటీ లెట్టివో చెప్పుకొందము. ఫుట్‌బాల్ ఆటకు ప్రపంచ కప్పు కలదని రేడియో గల ప్రతి యింటివారికిని తెలియును. అందులో ఆడువారు ఆరితేరినవారు. రేపు వారి స్థానమునకు రావలసిన యువకులకు వేరుగా పోటీలు జరుగుచుండును. మన ఖండమునకు సంబంధించినది ఆసియా యువజన పోటీ. దీనికి మూలపురుషుడు మలయా దేశపు తొలి ప్రధానమంత్రి టుంకు అబ్దుల్ రహమాన్. ఆయన 1958లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడై, మరుసటి యేడే, అనగా 1959లో, కౌలాలంపూరు నగరమున తొలి పోటీని జరిపించెను. అప్పటికి ఆసియాలోని పెక్కు దేశములు క్రొత్తగా స్వాతంత్ర్యము పొందినవి. దేశాధినేతల సమావేశములకంటె ముందుగా పిల్లల నొకచోట చేర్చి ఆడించుట మేలని తలచుట పెద్దమనస్సు గల పని. నాటి పోటీలో దక్షిణ కొరియా గెలిచెను. తరువాతి దశాబ్దములలో ఆ దేశమే 12 మారులు ఈ కప్పును గెలిచి అందరికంటె ముందు నిలిచినది.

మొదట ఈ పోటీ ఏటేటా జరిగెడిది. పిమ్మట రెండేండ్ల కొకసారి అయినది. వయోపరిమితి ఒకప్పుడు 19, మరొకప్పుడు 20 ఏండ్లుగా నుండెను. 1977లో ట్యునీసియా దేశమున ప్రపంచ యువజన పోటీలు మొదలైన తరువాత, ఆసియాలో ముందు నిలిచిన జట్లకు అచ్చటికి పోవు అర్హత లభించుచు వచ్చినది. ఇంకను చిన్నవారికి, అనగా 16, 17 ఏండ్ల వారికి, 1985 నుండి మరియొక ఆసియా పోటీ కలదు. మన పొరుగు దేశములైన నేపాలు, భూటాను, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు మొదలగు వానితో ఆడుటకు దక్షిణాసియా పోటీ వేరుగా నున్నది. 2025 మే నెలలో అరుణాచల ప్రదేశములోని యూపియాలో జరిగిన 19 ఏండ్ల లోపువారి దక్షిణాసియా పోటీలో మన బాలురు బంగ్లాదేశ్ జట్టుతో 1-1 సమముగా ఆడి, పెనాల్టీలలో 4-3 తేడాతో గెలిచిరి. దక్షిణాసియా అను చిన్న వలయమున మనము బలవంతులమే. ఆసియా అను పెద్ద వలయమున మాటయే వేరు.

ఆ పెద్ద వలయమున మనము గెలిచినది ఒక్కసారియే. 1974 ఏప్రిల్ నెలలో థాయిలాండు రాజధాని బాంకాకులో పోటీ జరిగెను. భారత యువజట్టు నాయకుడు హైదరాబాదు బిడ్డ షబ్బీర్ అలీ. 1956 జనవరి 26వ తేదీన, అనగా గణతంత్ర దినమున, పుట్టినవాడు. అప్పటికి 18 ఏండ్లవాడు. శిక్షకుడు అరుణ్ ఘోష్. ఈయన 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన మన జట్టులో నుండినవాడు. అంతిమ పోటీలో మనకు ఎదురైనది ఇరాను. అప్పటికి ఇరాను యువకులు ముందటి యేటి విజేతలు. ఆట 2-2గా ముగిసెను. ఆ రోజులలో సమముగా ముగిసినచో ఇరుజట్లను విజేతలుగా ప్రకటించు ఆచారముండెను గనుక, కప్పు ఇరువురిదియు నైనది. మన దేశము ఆసియా యువజన కప్పుపై పేరు వ్రాయించుకొన్న సందర్భము అదియొక్కటే.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి, ఆ కప్పు పట్టుకొన్న రెండు చేతులు తరువాత ఏమి చేసినవో చూడవలెను. విషయమంతయు అందులోనే యున్నది.

ఇరాను 1973 నుండి 1976 వరకు వరుసగా నాలుగేండ్లు ఈ కప్పును ఒంటరిగానో, మరియొకరితో కలిసియో గెలిచెను. 1976లో పెద్దల ఆసియా కప్పును గెలిచెను. 1978లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ కప్పునకు అర్హత సంపాదించెను. ఇక మన మాట. అదే 1974 సెప్టెంబరులో టెహరానులో జరిగిన ఆసియా క్రీడలలో మన పెద్దల జట్టు ఆడిన 3 ఆటలలోను ఓడిపోయినది. 1964లో ఆసియా కప్పులో రెండవ స్థానము పొందిన మన దేశము, ఆ పోటీలో మరల ఆడుటకు 1984 వరకు వేచియుండవలసి వచ్చినది. బాంకాకులో ఇరాను బాలురకు సమముగా నిలిచినవారు మన బాలురే గదా! 18 ఏండ్ల వయస్సున లేని తేడా 22 ఏండ్ల వయస్సునకు ఎట్లు వచ్చెను? ఎముకలో, నెత్తురులో తేడా యుండినచో అది బాంకాకులోనే కనబడి యుండవలసినది. కావున తేడా బాలురలో లేదు. బాంకాకు నుండి ఇల్లు చేరిన తరువాత వారికి దొరికినదానిలో ఉన్నది.

మరియొక దేశమును చూతము. ఈ ముచ్చట మన గోదావరివారికి మరింత దగ్గరిది. కాకినాడకు సమీపమున, గోదావరి పాయ సముద్రములో కలియుచోట, కోరంగి యను పాత రేవు కలదు. అచ్చటి నుండియు, తరువాత కాకినాడ నుండియు, మన తాతలు ఓడలెక్కి కూలికై, వ్యాపారమునకై రంగూనుకు పోయిరి. అందుచేతనే బర్మాలో తెలుగువారికి కోరంగీ లను పేరు నిలిచిపోయినది. ఆ బర్మాదేశము ఈ ఆటలో మన కంటికి కనబడనంత యెత్తున నుండిన కాలము కలదు. 1961 నుండి 1970 వరకు పదేండ్లలో బర్మా యువకులు, కొన్నిమారులు ఒంటరిగాను, కొన్నిమారులు ఇతరులతో పంచుకొనియు, 7 మారులు ఆసియా యువజన కప్పును గెలిచిరి. ఆ బాలురే పెరిగి 1966లోను, 1970లోను ఆసియా క్రీడల స్వర్ణమును తెచ్చిరి. అంతవరకు ఆకు బాగుగా పెరిగినది, ఊడ్పులు బాగుగా జరిగినవి. పిమ్మట ఆ దేశపు కష్టములు ఆ దేశమునకు వచ్చినవి, ఆట వెనుకబడినది. 7 మారులు ఆసియా విజేత యైన ఆ దేశము, ప్రపంచ యువజన పోటీలో తొలిసారి ఆడినది 2015లో.

ఇందుకు పూర్తిగా ఎదురైన ఉదాహరణము జపాను. ఆసియా యువజన కప్పును జపాను తొలిసారి గెలిచినది 2016లో. బర్మాకు 55 ఏండ్ల తరువాత, మనకు 42 ఏండ్ల తరువాత. కాని ఆ కప్పు లేకుండగనే జపాను యువకులు 1999లో నైజీరియాలో జరిగిన ప్రపంచ యువజన పోటీలో అంతిమ పోటీ వరకు పోయిరి. ఆ దేశపు పెద్దల జట్టు 1998 నుండి 2022 వరకు జరిగిన ప్రతి ప్రపంచ కప్పులోను ఆడినది. కారణ మేమి? 1993లో వారు వృత్తి క్రీడాకారుల లీగును ఆరంభించినపుడు, అందులో చేరు ప్రతి క్లబ్బును పిల్లల జట్లను కూడ పెంచవలెనని నియమించిరి. బడిలోను, క్లబ్బులోను రెండుచోట్ల బాలునికి శిక్షణ దొరకెను. కప్పు ఆలస్యముగా వచ్చినను పంట మాత్రము ఏటేటా వచ్చినది.

డెల్టా రైతునకు ఈ విషయము వేరుగా బోధింప నక్కరలేదు. ఆకుమడి ఎంత పచ్చగా నున్నను అది పంట కాదు. ఆకు తీయవలసిన నాటికి తీసి, దున్ని దమ్ము చేసిన చేలో ఊడ్చి, వేళకు నీరు పెట్టి, కలుపు తీసిననే గింజ ఇంటికి వచ్చును. ఆకు ముదిరిన తరువాత ఊడ్చిన పిలకలు వేయదు. యువజన పోటీ ఆటకు ఆకుమడి వంటిది. 1974లో మన ఆకుమడి ఆసియాలో కెల్ల పచ్చనిది. ఊడ్చుటకు చేను సిద్ధముగా లేకపోయెను. ఈ ప్రసంగములో మేము మనవి చేయదలచిన ముఖ్యాంశము ఇదియే: పిల్లలు గెలిచిరా, ఓడిరా అనునది కాదు, గెలిచినను ఓడినను, మరునాడు వారు ఎచ్చట ఆడుదురు అనునదే అడుగవలసిన ప్రశ్న.

ఇట్టి చేనును సిద్ధము చేసిన మహనీయుడు మన తెలుగునాటనే యుండెను. హైదరాబాదు నగరవాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచే బడిపంతులు. రహీము సాహెబని అందరును గౌరవముతో పిలిచెడివారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణమును గెలిచినది; 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం, గోలుకీపరు పీటర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్ మొదలగువారు ఆ జట్లలో వెలిగిరి. రహీము సాహెబు చేసినది ధనముతో కూడిన పని కాదు. పిల్లలకు వింతయైన పోటీలు పెట్టెడివాడు. బంతిని రెండుసార్లకు మించి తాకరాదనునది ఒక పోటీ. దానిచే బంతిని వెంటనే తోటివానికి అందించుట అలవడును. బలము లేని కాలితో మాత్రమే తన్నవలెననునది మరియొక పోటీ. దానిచే రెండు కాళ్లును సమముగా పనికి వచ్చును. ఇందులకు కావలసినది ఒక బంతి, ఒక ఖాళీ స్థలము, ఓపిక గల ఒక పంతులు. ఆ మూడును నేటికిని ఏ పల్లెటూరి బడికైనను అందరానివి కావు.

రహీము సాహెబు 1963లో మరణించెను. ఆయన వేసిన పునాదిమీద ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీని గెలిచినది. అంతకు ముందు హైదరాబాదు జట్టుగా రెండు మారులు గెలిచియుండెను. తదుపరి ఆ పేరు క్రమముగా వినబడుట మానినది. ఇటీవలి కాలమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2022లో ఇండియన్ సూపర్ లీగును గెలిచి మరల ఆశ పుట్టించినది. కాని మూడేండ్లు గడచునప్పటికి, 2025లో, ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. మొక్క ఊడ్చిన తరువాత చేను చేతులు మారిన రీతి ఇది.

ఇక మన డెల్టా సంగతి. గోదావరి సీమలో చెడుగుడు, వాలీబాలు, బాడ్మింటను ఆటలకున్న ఆదరము ఫుట్‌బాలునకు లేదు. అది తప్పు కాదు. ఏ ఊరి మక్కువ ఆ ఊరిది. కాని డెల్టాబిడ్డకు శిక్షణయు, ఆపై ఊడ్పును దొరికినచో ఏమి జరుగునో అమలాపురము చూపినది. బాడ్మింటను క్రీడాకారుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఆ ఊరివాడు, తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. బాల్యమున ఊరిలోనే ఆట పట్టుబడినది. 2014లో హైదరాబాదునకు పోయి పుల్లెల గోపీచంద్ శిక్షణాలయమున చేరెను. 2022లో భారతదేశము తొలిసారి థామస్ కప్పు గెలిచినపుడు ఆ జట్టులో ఆతడు కలడు. ఆ విజయము దక్కిన నగరము కూడ బాంకాకే! మరుసటి యేడు హాంగ్జౌ ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో కలిసి జంటల ఆటలో మన దేశమునకు తొలి స్వర్ణమును తెచ్చెను. కోనసీమ నీరు త్రాగిన బిడ్డకు ఆసియా అందరాని ఎత్తు కాదనుటకు ఇంతకంటె ఋజువు వలదు. బాడ్మింటనునకు జరిగినది ఫుట్‌బాలునకు జరుగలేదు; అంతే.

జరుగకుండుటకు కారణములలో కొన్నింటిని మనకు మనమే చక్కబెట్టుకొనవచ్చును. మొదటిది స్థలము. భీమవరము, ఆకివీడు ప్రాంతములలో వరిచేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారినవి. రైతునకు లాభము వచ్చుట సంతోషమే. కాని వేసవిలో పిల్లలకు దొరకుచుండిన ఖాళీ పొలము ఆ మేరకు తగ్గినది. తక్కిన చోటులలో ఇండ్లస్థలములు లేచుచున్నవి. కావున ఊరిబడి ఆటస్థలము ఒక్కటే మిగులుచున్నది. దానిని సభలకు, పందిళ్లకు, ధాన్యము ఆరబోయుటకు ఇచ్చివేయక పిల్లలకే విడిచిపెట్టుట పంచాయతీ పెద్దలు చేయదగిన పుణ్యకార్యము.

రెండవది దారి. పాఠశాల ఆటలలో 14, 17, 19 ఏండ్ల లోపువారికి వేరువేరుగా పోటీలు కలవు. 1960లో ఆరంభమైన సుబ్రతో కప్పు పాఠశాల జట్లకే ఉద్దేశింపబడినది; వైమానిక దళాధిపతి సుబ్రతో ముఖర్జీ ఆలోచన నుండి పుట్టినది. జిల్లాలో, రాష్ట్రములో గెలిచిన బడిజట్టు దానిలో దేశమంతట నుండి వచ్చిన జట్లతో ఆడవచ్చును. జాతీయ యువజట్టుకు పిల్లలను ఏరువారి కన్ను ఇట్టి చోట్లనే పడును. పొలములో ఎంత బాగుగా ఆడినను, బడిజట్టు లేని బిడ్డను ఎవ్వరు చూడగలరు?

మూడవది వయస్సు. ఇది చిన్న విషయముగా తోచును గాని, యువజన పోటీలకు ప్రాణము ఇదియే. ఫలానా సంవత్సరము జనవరి 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టినవారే ఆడవలెనని నియమముండును. మన పల్లెలలో చాలకాలము బిడ్డను బడిలో చేర్చునాడు పంతులుగారు అంచనామీద వ్రాసిన తేదీయే పుట్టినతేదీ అయ్యెడిది. కొందరు ఒకటి రెండేండ్లు తగ్గించి వ్రాయించుట లాభమనుకొనిరి. ఆటలో ఈ లాభము నష్టముగా మారును. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య 2009లో నైజీరియాలో జరిగిన 17 ఏండ్ల లోపువారి పోటీ నుండి, ఎం.ఆర్.ఐ. యంత్రముతో మణికట్టు ఎముకను పరీక్షించుచున్నది. ముంజేతి యెముక చివర, ఎదుగుదల కొరకు విడిగా నుండు భాగము యౌవనము నిండునప్పటికి కలిసిపోవును. అట్లు పూర్తిగా కలిసిపోయినచో ఆ బాలునికి 17 దాటినవని తలచి జట్టులోనికి రానీయరు. కాగితము ఏమి చెప్పినను ఎముక నిజము చెప్పును.

వయస్సు దాచుటలో మోసపోవునది పోటీ నిర్వాహకులు మాత్రమే కాదు. 19 ఏండ్లవాడు 16 ఏండ్లవానిగా ఆడిన, సాటిలేని బలముతో గెలుచును. కాని వానిచే తోసివేయబడినవాడు నిజముగా 16 ఏండ్ల వయస్సుగల పొరుగింటి బిడ్డ. వాడు తనకు ఆట రాదనుకొని బంతిని విడిచిపెట్టును. గెలిచినవాడు రెండేండ్లలో తనతో సమానబలులైన వారి నెదిరింపలేక తానును విడిచిపెట్టును. ఒక్క అబద్ధపు తేదీతో ఇద్దరు బిడ్డలు పోయినట్లే. కావున బిడ్డ పుట్టిన 21 దినములలో నమోదు చేయించుట తల్లిదండ్రులు బిడ్డకు చేయు తొలి క్రీడాసహాయము. 1969 నాటి చట్టము దీనిని విధించుచున్నది. 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణచే, ఆ తేదీ తరువాత పుట్టినవారికి జననపత్రమే బడిలో చేరుట మొదలగు పనులకు ఋజువైనది. ఇకముందు పంతులుగారి అంచనాతో పనిలేదు.

బాలురను గూర్చియే ఇంతవరకు చెప్పితిమి. బాలికల మాట చెప్పకున్న సగము చెప్పినట్లే. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడినది. 2025 ఆగస్టులో మన 20 ఏండ్ల లోపు బాలికల జట్టు, రెండు దశాబ్దముల తరువాత, ఆసియా పోటీలకు అర్హత సంపాదించినది. ఆ నిర్ణయాత్మకమైన ఆట జరిగినది ఎచ్చటనో కాదు. మన కోరంగివారు ఓడలు దిగిన రంగూనులోనే. బర్మా బాలికలను వారి సొంతగడ్డమీద 1-0 తేడాతో ఓడించి మన బాలికలు తిరిగివచ్చిరి. మన ఊళ్లలో ఆడపిల్ల మోకాళ్లవరకు చొక్కాయి తొడిగి బంతి తన్నుట ఇంకను కొందరికి వింతగా తోచును. ఆ బిడ్డల తల్లిదండ్రులకును ఇరుగుపొరుగువారు ఏదియో అనియే యుందురు. విని ఊరకుండిరి గనుకనే దేశమునకు ఈ జట్టు దక్కినది.

ఇక ఇంటిపెద్దలు అడుగు ప్రశ్న ఒకటి కలదు. ఆట అన్నము పెట్టునా? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. షబ్బీర్ అలీకి ఆట జీవితమైనది. బొంబాయిలో, కలకత్తాలో పెద్ద జట్లకు ఆడెను. తరువాత శిక్షకుడై 1998-99లో గోవాలోని సాల్గావ్‌కర్ జట్టుచే జాతీయ లీగును గెలిపించెను. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొందిన తొలి ఫుట్‌బాల్ క్రీడాకారుడైనాడు. కాని కప్పు గెలిచిన జట్టులోని బాలురందరి పేర్లును ఇట్లు జనుల నోట నిలువలేదు. పోలీసు, రైల్వే, బ్యాంకులు మొదలగు సంస్థలలో ఆటగాండ్రకు ఉద్యోగములు దొరకిన మాట నిజమే, అందరికిని దొరకవు. కావున చదువు మానిపించి బంతి వెంట పంపుమని మేము చెప్పము. చదువు ప్రక్కన ఆట కొక గంట యుండవలెనని మాత్రమే చెప్పుదుము. జాతీయజట్టునకు పోవువాడు వేయింటి కొక్కడు. తక్కిన 999 మందికి మిగులునది దేహబలము, ఓటమిని సహించు గుణము, పదిమందితో కలిసి నడచు నేర్పు. ఇవియు అన్నము పెట్టు గుణములే.

2018లో మలేషియాలో జరిగిన 16 ఏండ్ల లోపువారి ఆసియా పోటీని ఇచ్చట ఒక్క మాట స్మరింపవలెను. మన బాలురు తొలిదశలోని 3 ఆటలలో ఒక్క గోలైనను ఇచ్చుకొనలేదు. క్వార్టర్ ఫైనలులో దక్షిణ కొరియాతో 1-0 తేడాతో ఓడిరి. ఆ ఒక్క ఆట గెలిచినచో వారు ప్రపంచ పోటీకి అర్హులగుదురు. 12 మారులు పెద్ద యువజన కప్పును గెలిచిన దేశమునకును, మనకును ఆనాడు నడుమ నున్నది ఒక్క గోలు. 1974లో ఇరానునకును మనకును నడుమ నున్నది అదియును లేదు. పిల్లల వయస్సున దూరము ఎప్పుడును ఇంత తక్కువగానే యుండును. దూరము పెరుగునది తరువాత.

కావున శ్రోతలకు మా మనవి ఇది. యువజన పోటీలు జరుగునపుడు వార్తలలో ఫలితము విని ఊరకుండవలదు. గెలిచిన సంతోషింపుడు. ఓడిన నిందింపకుడు. ఆ జట్టులోని బాలుడు మరుసటి యేడు ఎచ్చట ఆడుచున్నాడో, మన ఊరిబడి ఆటస్థలములో ఈ సాయంత్రము ఎవరు ఆడుచున్నారో విచారింపుడు. కాలువలకు నీరు విడుచు దినము దగ్గరపడినపుడు రైతు తన చేనికి గట్లు సరిచూచుకొనును గదా. నీరు వచ్చిన తరువాత గట్టు వేయుదమని ఎవ్వడును కూర్చుండడు. పిల్లల ఆటకును అదే ధర్మము. బిడ్డలకు కాళ్ల సత్తువ దేవుడిచ్చినాడు. గట్టు వేయవలసినవారము మనము.